బండి తయారు కాకముందే దాని సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించడం ఎలా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

వాహనాల సాఫ్ట్‌వేర్ పరీక్షను బండి పూర్తయ్యేదాకా ఆపకుండా, రూపకల్పన మొదలైన రోజు నుంచే చేపట్టాలని గత సంచికలో ఈ శీర్షికన రాశాను. దానికి స్పందిస్తూ రాయగడ, కోరాపుట్, గజపతి, గంజాం, మల్కన్‌గిరి జిల్లాల నుంచి ఉత్తరాలు వచ్చాయి. రాసినవారిలో ఇంజినీర్లు కొద్దిమందే. ఘాట్ రోడ్ల మీద రోజూ బండి నడిపేవారు, బండ్లు బాగుచేసేవారు, పిల్లల్ని ఈ ఉద్యోగాలకు పంపినవారు ఎక్కువగా రాశారు. అందుకేనేమో ప్రశ్నలన్నీ సూటిగా ఉన్నాయి. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి జవాబు ఇస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి పుణేలో ఒక కార్ల కంపెనీలో టెస్టింగ్ విభాగంలో చేరింది. ఆ కారు రోడ్డెక్కడానికి ఇంకా ఏడాదికి పైగా పడుతుందట. అయినా రోజూ దాని బ్రేకుల సాఫ్ట్‌వేర్‌నే పరీక్షిస్తున్నానంటుంది. లేని బండిని పరీక్షించడమేమిటో నాకు అంతుపట్టలేదు. — ఒక తండ్రి, రాయగడ

జవాబు: మీ అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. బ్రేకుల సాఫ్ట్‌వేర్‌కు కారు కనిపించదు. చక్రాలు ఎంత వేగంతో తిరుగుతున్నాయి, పెడల్ మీద ఎంత ఒత్తిడి ఉంది, బండి ఎంత వాలులో నిలబడింది, ఏ గేరులో ఉంది అనే సంగతులు తీగల వెంట సంకేతాలుగా వస్తే వాటిని మాత్రమే అది చదువుకుంటుంది. ఆ సంకేతాలను ఒక కంప్యూటరు లెక్కగట్టి అందిస్తే, అవి నిజమైన చక్రం నుంచి వచ్చాయో లెక్కలో నుంచి వచ్చాయో దానికి తేడా తెలియదు. లేని బండిని పరీక్షించడం అందువల్లనే సాధ్యమవుతోంది.

వాలులో ఆగిన కారు వెనక్కి జారకుండా, పెడల్ మీద నుంచి కాలు తీశాక కూడా సుమారు రెండు సెకన్లపాటు బ్రేకు పట్టి ఉంచే సదుపాయం ఈ రోజుల్లో చాలా కార్లలో ఉంది. సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కుతున్నప్పుడు ముందున్న లారీ మలుపులో ఆగిపోతే దాని విలువ ఎంతటిదో మీకు వేరే చెప్పనక్కరలేదు. ఈ సదుపాయం తయారయ్యే క్రమాన్ని గమనిస్తే విషయం బోధపడుతుంది. మొదటి మెట్టులో అసలు ప్రోగ్రామే ఉండదు. ఎప్పుడు పట్టాలి, ఎప్పుడు వదలాలి అనే తర్కాన్ని ఒక గణిత నమూనాగానూ, కారును మరొక గణిత నమూనాగానూ కంప్యూటరులో నిలిపి, రెంటినీ కలిపి నడిపిస్తారు. రెండు సెకన్లు గడిచినా డ్రైవరు యాక్సిలరేటర్ నొక్కకపోతే ఏం చేయాలి? తలుపు తీసుకుని దిగిపోతే? బండి ముక్కు పల్లానికి ఉండగా రివర్స్ గేరు వేస్తే, జారడం అనేది ఏ దిక్కుకు లెక్క? ఇలాంటి సందేహాలు ఈ మెట్టులోనే రావాలి, ఇక్కడే తీరాలి. ఎందుకంటే ఇక్కడ తప్పు దిద్దడానికి నమూనాలో ఒక గీత మార్చితే చాలు.

రెండవ మెట్టులో ఆ తర్కం సి భాషలో ప్రోగ్రాముగా మారి మామూలు కంప్యూటరు మీదనే నడుస్తుంది. నమూనాలో దశాంశాలతో సాఫీగా సాగిన లెక్కను చిన్న ప్రాసెసర్ కోసం పూర్ణాంకాల్లోకి కుదించినప్పుడు విలువ పట్టకుండా పోయే ప్రమాదం ఉంది, దాన్ని ఈ దశలో పట్టుకుంటారు. మూడవ మెట్టులో అదే ప్రోగ్రామును కారులో వాడబోయే అసలు ప్రాసెసర్ మీదకు ఎక్కించి, ఇచ్చిన గడువులోగా లెక్క పూర్తవుతోందో లేదో చూస్తారు.

మీ అమ్మాయి కూర్చునేది బహుశా నాలుగో మెట్టు దగ్గర. బీరువా ఎత్తున్న ఒక ఇనుప చట్రం, దానిలో కారులో పెట్టబోయే అసలు కంట్రోల్ యూనిట్ (బ్రేకులను నడిపే చిన్న కంప్యూటరు), దాని కనెక్టరు నుంచి బయలుదేరి సిమ్యులేటరులోకి, అంటే కారును అనుకరించే కంప్యూటరులోకి వెళ్లే తీగల మోపు ఉంటాయి. చక్రాలు తిరుగుతున్నట్టు సిమ్యులేటరు పల్సులు పంపుతుంది, ప్రతి మిల్లీసెకనుకూ కారు ఎక్కడుండాలో కొత్తగా లెక్క వేస్తుంది. పరీక్ష మధ్యలో ఒక రిలే టక్కున తెరుచుకుంటుంది, కుడివైపు వెనక చక్రం సెన్సర్ తీగ తెగినట్టు లెక్క. మరొక రిలే అదే తీగను బ్యాటరీ ప్లస్‌కు షార్టు చేస్తుంది. ఇంజను స్టార్టు చేసే క్షణంలో జరిగినట్టుగా 12 వోల్టుల సరఫరా ఒక్కసారిగా సగానికి పడిపోతుంది. ప్రతిసారీ కంట్రోల్ యూనిట్ లోపాన్ని గుర్తించిందా, సరైన హెచ్చరిక దీపం వెలిగించిందా, బ్రేకును సురక్షితంగా వదిలిందా అన్నది నమోదవుతుంది. మనుషులు ఇంటికి వెళ్లాక కూడా ఈ పరీక్షా బెంచి రాత్రంతా తనంతట తాను నడుస్తుంది. ఉదయం వచ్చేసరికి ఏ పరీక్ష తప్పిందో జాబితా సిద్ధంగా ఉంటుంది. నిజమైన ఘాట్ మీద, నిండా మనుషులున్న కారులో, ఈ పరీక్షల్లో చాలావాటిని చేయడానికి ఎవరూ సాహసించకూడదు. మీ అమ్మాయి చేస్తున్నది చాలా బరువైన పని. ఆ మాట ఆమెతో చెప్పండి.

ప్రశ్న: మాది పొట్టంగి. రాత్రి ఎలక్ట్రిక్ స్కూటరుకు నిండా ఛార్జింగ్ పెట్టి ఉదయాన్నే సాలూరు వైపు ఘాట్ దిగుతాను. దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదిలినా మోటారు బండిని పట్టి ఆపదు, పూర్తిగా చేతి బ్రేకుల మీదనే దిగాలి. కింద మైదానంలో కొంతదూరం నడిపాక అంతా మామూలవుతుంది. షోరూములో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయించాక స్క్రీన్ మీద ఒక హెచ్చరిక కనబడుతోంది తప్ప పట్టు మాత్రం రాలేదు. దీన్ని ముందే పరీక్షించరా? — ఒక ఉపాధ్యాయుడు

జవాబు: ఈసారి వచ్చిన ఉత్తరాల్లో అన్నిటికన్నా విలువైనది మీదే. పరీక్ష ఎందుకు తొలి దశలోనే జరగాలో మీ స్కూటరే చెబుతోంది.

యాక్సిలరేటర్ వదిలినప్పుడు మోటారు జనరేటరుగా మారి, బండి వేగాన్ని కరెంటుగా మార్చి బ్యాటరీలోకి పంపుతుంది. మీకు తెలిసే పట్టు అదే. అయితే నిండిన బ్యాటరీ ఇక కరెంటు తీసుకోలేదు, బలవంతంగా ఎక్కిస్తే సెల్స్ దెబ్బతింటాయి. కాబట్టి బ్యాటరీని కాపాడే సాఫ్ట్‌వేర్ మోటారు పట్టును ఆపేస్తుంది. దాని పరిధిలో అది చేసింది సరైన పనే. ఇప్పుడు చిన్న లెక్క చూద్దాం. మనిషితో, సామానుతో కలిపి 200 కిలోల బరువున్న బండి 500 మీటర్ల ఎత్తు దిగితే విడుదలయ్యే శక్తి సుమారు 0.27 యూనిట్లు, అంటే మన కరెంటు బిల్లులో పావు యూనిట్‌కు కాస్త పైన. అందులో కొంత గాలికీ టైర్లకూ పోతుంది. మిగిలినది ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా. బ్యాటరీలో చోటు లేకపోతే అదంతా బ్రేకు షూలలో వేడిగా మారుతుంది. దిగేటప్పుడు మోటారు దాదాపు కరెంటు వాడదు కాబట్టి బ్యాటరీలో ఖాళీ ఏర్పడదు, అందుకే ఘాట్ పొడవునా పట్టు రాదు.

మైదాన నగరంలో నడిచే స్కూటరుకు ఈ పరిస్థితి రాదు. అక్కడ ఇంటి నుంచి బయలుదేరిన కాసేపటికే బ్యాటరీలో కొంత ఖర్చయి చోటు దొరుకుతుంది. ఇల్లు కొండ మీద ఉండి, ఛార్జింగ్ ఇంట్లోనే పెట్టుకుని, రోజులో మొదటి ప్రయాణమే పల్లానికి సాగే మనిషి రూపకల్పన బల్ల దగ్గర ఎవరికీ గుర్తు రాలేదు. అక్కడ పరీక్షలు రాసే ఇంజినీరు ఒకరు కూర్చుని, 'బ్యాటరీ నూటికి నూరు ఉంది, బండి ఎనిమిది శాతం వాలులో అరగంట దిగుతుంది, ఇద్దరు మనుషులున్నారు, ఏం జరగాలి?' అని ఒక్క ప్రశ్న వేసి ఉంటే, అది కాగితం మీదనే తేలిపోయేది. అప్పుడు చేతిలో ఎన్నో దారులుండేవి. ఛార్జింగ్‌ను 90 శాతం దగ్గర ఆపే ఎంపికను కొండ ప్రాంతాలవారికి ఇవ్వవచ్చు. అదనపు శక్తిలో కొంత భాగాన్ని మోటారు వైండింగులోనే వేడిగా ఖర్చుపెట్టే పద్ధతిని, మోటారు భరించగలిగినంత మేరకు అమర్చవచ్చు. మోటారు సాయం అసలు లేదనుకుని పెద్ద బ్రేకు డ్రమ్ములో డిస్కులో ఎంచుకోవచ్చు. బండి అచ్చులు పోసి, బ్రేకులు కొనుగోలు చేసి, స్కూటరు మీ చేతికి ఇచ్చాక వీటిలో చాలా దారులు మూసుకుపోతాయి. చివరికి మిగిలేది స్క్రీన్ మీద ఒక హెచ్చరిక. మీకు వచ్చిన అప్‌డేట్ అదే.

ఇది మన ప్రాంతానికి మాత్రమే పరిమితమైన సమస్య అనుకోవద్దు. 2010 ఫిబ్రవరిలో టయోటా సంస్థ ప్రియస్‌తో సహా 4 లక్షలకు పైగా హైబ్రిడ్ కార్లను బ్రేకుల సాఫ్ట్‌వేర్ మార్చడానికి వెనక్కి పిలిపించింది. గతుకుల మీదో జారుడు రోడ్డు మీదో నెమ్మదిగా బ్రేకు వేసినప్పుడు, చక్రాలు బిగుసుకుపోకుండా కాపాడే ఏబీఎస్ పని మొదలుపెట్టే క్షణంలో, బ్రేకు పట్టు కాసేపు తప్పినట్టు డ్రైవర్లకు అనిపించేది. మోటారు బ్రేకు, నూనె బ్రేకు, ఏబీఎస్ మూడూ ఒకే పెడల్‌కు పని చేస్తున్నప్పుడు, ఒకదాని నుంచి మరొకదానికి పని చేతులు మారే చోట ఇలాంటి లోపాలు దాక్కుంటాయి. విడివిడిగా పరీక్షిస్తే ప్రతి భాగమూ నెగ్గవచ్చు. అందుకే మూడింటి నమూనాలనూ తొలి నెలల్లోనే ఒకచోట కలిపి, గతుకుల రోడ్డు లెక్కల మీద నడిపి చూడాలని నేను పట్టుబడతాను.

ప్రస్తుతానికి మీరు ఛార్జింగ్‌ను 85, 90 శాతం మధ్య ఆపండి. దిగేటప్పుడు బ్రేకును అదేపనిగా నొక్కి ఉంచకుండా, మలుపుకు ముందే రెండు బ్రేకులూ కలిపి వేసి వేగం తగ్గించి వదలండి, డ్రమ్ములకు చల్లబడే వ్యవధి దొరుకుతుంది. బండి స్విచ్ ఆపేసి మాత్రం దిగవద్దు.

ప్రశ్న: బరంపురంలో చిన్న కర్మాగారంలో ఎలక్ట్రిక్ మూడు చక్రాల బండ్లు తయారు చేస్తున్నాం. కంట్రోలరు, బ్యాటరీ బయటి నుంచి కొంటాం. మీరు రాసిన బెంచీలు మా తాహతుకు మించినవి. మాలాంటివారికి ఈ సలహా ఎలా వర్తిస్తుంది? — ఒక నిర్వాహకుడు

జవాబు: తొలిదశ పరీక్ష అనగానే అందరికీ ఖరీదైన యంత్రాలే గుర్తుకొస్తున్నాయి. అసలు ఖర్చు లేని భాగం నుంచి మొదలుపెట్టవచ్చు, పైగా ప్రయోజనంలో పెద్ద వాటా దానిదే. కంట్రోలరు ఆర్డరు పెట్టేముందే, అది ఏ పరిస్థితిలో ఏం చేయాలో మీరు రాసి, ప్రతి వాక్యం పక్కన దాన్ని ఎలా పరీక్షిస్తారో కూడా రాయండి. ఎలా పరీక్షించాలో రాయలేకపోయిన వాక్యం ఇంకా సరిగా ఆలోచించని వాక్యం. దాన్ని సరఫరాదారుకు పంపకండి. 'మోటారు వేడెక్కితే శక్తి తగ్గించాలి' అని రాస్తే సరిపోదు. ఎన్ని డిగ్రీల దగ్గర తగ్గించడం మొదలుపెట్టాలి, ఎంత సమయంలో ఎంత తగ్గించాలి, నిండా ప్రయాణికులతో ఎత్తు ఎక్కుతుండగా ఒక్కసారిగా ఆపేస్తే బండి వెనక్కి జారదా, చల్లబడ్డాక ఎన్ని డిగ్రీల దగ్గర మళ్లీ పూర్తి శక్తి ఇవ్వాలి, ఇవన్నీ అందులో ఉండాలి.

తరువాత బల్ల మీద ఒక కంట్రోలరు, ఒక మోటారు, వోల్టేజీ మార్చగలిగే పవర్ సప్లై పెట్టుకోండి. మోటారు ఉష్ణోగ్రత చెప్పే థర్మిస్టర్ తీగలను విప్పి, వాటి స్థానంలో తిప్పే నాబు ఉన్న రెసిస్టర్‌ను కలపండి. మోటారు చల్లగానే ఉంటుంది, నాబు తిప్పుతుంటే కంట్రోలరు మాత్రం 90, 110, 130 డిగ్రీలని చదువుతుంది. ఏ డిగ్రీ దగ్గర శక్తి తగ్గించిందో చూసి రాసుకోండి. ఆ తీగను పూర్తిగా తీసేయండి. కొన్ని చౌక కంట్రోలర్లు తెగిన తీగను చల్లని మోటారుగా పొరబడి పూర్తి శక్తితో నడుస్తూనే ఉంటాయి. ఈ ఒక్క లోపాన్ని బండి కట్టకముందే పట్టుకుంటే కాలిన మోటార్ల ఖర్చు ఎంత మిగులుతుందో మీకే తెలుసు. సరఫరాదారు సాఫ్ట్‌వేర్ మార్చి పంపిన ప్రతిసారీ, మార్పు చిన్నదన్నా సరే, ఈ పరీక్షలన్నీ మొదటి నుంచీ మళ్లీ చేయాలి. ఏ బండిలో ఏ వెర్షన్ ఉందో రిజిస్టరులో ఉండాలి.

'ఇదే కంట్రోలరు వేరే మోడల్‌లో చక్కగా నడుస్తోంది, మళ్లీ పరీక్ష ఎందుకు?' అని సరఫరాదారు అనవచ్చు. 1996 జూన్ 4న ఏరియాన్ 5 రాకెట్ తొలి ప్రయోగం 40 సెకన్లలోపే విఫలమై పేలిపోయిన కారణం దాదాపు ఇదే. అంతకుముందటి రాకెట్ ఏరియాన్ 4లో బాగా పనిచేసిన సాఫ్ట్‌వేర్‌ను అలాగే తెచ్చి వాడారు. కొత్త రాకెట్ పథం వేరు కావడంతో వేగానికి సంబంధించిన ఒక విలువ పెరిగి, 64 బిట్ల సంఖ్యను 16 బిట్ల చోటులోకి మార్చే దగ్గర పట్టకపోయింది. ఆ సాఫ్ట్‌వేర్‌కు ఏరియాన్ 5 పథం లెక్కలు ఇచ్చి నేల మీద పరీక్షించి ఉంటే లోపం అక్కడే బయటపడేదని విచారణలో తేలింది. బండి మారినా, నడిచే దారి మారినా పాత పరీక్ష చెల్లదు. బరంపురం బజారులో నడిచే బండినే పర్లాకిమిడి నుంచి కొండ ఊళ్లకు కూడా అమ్మదలిస్తే, అది మరొక పథమని గుర్తుంచుకోండి.

ఖర్చు సంగతికొస్తే, ఆలస్యంగా దొరికిన లోపాన్ని దిద్దడానికి పెద్ద ప్రాజెక్టుల్లో తొలిదశలో దిద్దినదానికి వంద రెట్ల దాకా కావచ్చని సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ నిపుణుడు బారీ బోమ్ 1981లో రాశారు. చిన్న ప్రాజెక్టుల్లో తేడా అంత ఉండదని ఆయనే చెప్పారు కాబట్టి, వంద అనే అంకెను పట్టుకుని భయపెట్టడం నాకు ఇష్టం లేదు. మీ పాత బండ్ల వారంటీ ఖాతా తీసి, సాఫ్ట్‌వేర్ వల్ల వచ్చిన ఫిర్యాదులను విడదీసి చూడండి. మీ సంస్థకు వర్తించే అంకె అందులో ఉంది. బ్యాటరీ విషయంలో మాత్రం వెసులుబాటు లేదు. 2022లో ఎలక్ట్రిక్ స్కూటర్లు నిప్పంటుకున్న ఘటనల తరువాత బ్యాటరీ భద్రతకు సంబంధించిన ఏఐఎస్-156 ప్రమాణాలను కఠినం చేసి, 2022 డిసెంబరు నుంచి ఒక దశ, 2023 మార్చి చివరి నుంచి రెండవ దశ అమలులోకి తెచ్చారు. ధ్రువీకరణ పరీక్ష రోజున మొదటిసారి బ్యాటరీ సాఫ్ట్‌వేర్ తీరు చూసే పరిస్థితి తెచ్చుకోకండి.

ప్రశ్న: ఫోనులాగే కార్లకూ ఇప్పుడు గాలిలోనే అప్‌డేట్ వస్తోంది కదా. ముందు అమ్మి తరువాత దిద్దితే నష్టమేమిటి? — జయపురం పాఠకుడు

జవాబు: అప్‌డేట్ చాలా గొప్ప సదుపాయం. 2018 మేలో అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ టెస్లా మోడల్ 3ను పరీక్షించినప్పుడు, గంటకు 60 మైళ్ల వేగం నుంచి ఆగడానికి 152 అడుగులు పట్టింది. కొద్ది రోజుల్లోనే టెస్లా దూరం నుంచే బ్రేకుల సాఫ్ట్‌వేర్ మార్చింది, అదే కారు 133 అడుగుల్లో ఆగింది. పందొమ్మిది అడుగుల తేడాను ఎవరూ స్పానర్ పట్టకుండా సాధించారంటే అది మెచ్చుకోదగిన పనే. కానీ అంతకుముందు కారు కొన్నవాళ్లు ఆ పందొమ్మిది అడుగులు ఎక్కువగా వెళ్లి ఆగే కారునే నడిపారు. ఆ లోపాన్ని కనిపెట్టింది కూడా కంపెనీ కాదు, బయటి సంస్థ. ఈ రెండవ భాగాన్ని వదిలేసి మొదటి భాగాన్నే చెప్పుకోవడం నాకు బాధ కలిగిస్తుంది.

దూరం నుంచి మార్చగలిగే తలుపు తెరిచి ఉంటే దానిలోంచి ఎవరు రాగలరన్నది మరో సంగతి. 2015లో ఇద్దరు భద్రతా పరిశోధకులు జీప్ చెరోకీని ఇంటర్నెట్ ద్వారా దూరం నుంచే అదుపులోకి తీసుకుని చూపించారు. దాని తయారీ సంస్థ ఫియట్ క్రైస్లర్ 14 లక్షల వాహనాలను సాఫ్ట్‌వేర్ మార్చడానికి పిలిపించవలసి వచ్చింది, చాలామంది యజమానులకు ఆ మార్పును యూఎస్‌బీ డ్రైవులో పోస్టులో పంపారు. కాబట్టి అప్‌డేట్ వచ్చే దారిని కూడా రూపకల్పనలోనే దాడి చేసి చూడాలి. మధ్యలో సిగ్నల్ పోతే ఏమవుతుంది, సగం ఎక్కిన సాఫ్ట్‌వేర్‌తో బండి కదులుతుందా, పాత వెర్షన్‌కు తిరిగి వెళ్తుందా అన్నవి మన ఘాట్లలో రోజూ ఎదురయ్యే పరిస్థితులే.

ప్రశ్న: అన్నీ కంప్యూటరులోనే పరీక్షిస్తే రోడ్డు పరీక్ష మానేస్తారా? — పర్లాకిమిడి నుంచి ఒక విశ్రాంత ఉద్యోగి

జవాబు: మానకూడదు. నమూనాలో మనం పెట్టినదే ఉంటుంది, పెట్టడం మరిచినది రోడ్డు మీదనే ఎదురవుతుంది. పుణేలోని వాహన పరిశోధన సంస్థ ఏఆర్‌ఏఐ, ఇండోర్ దగ్గర పిథంపూర్‌లోని 11.3 కిలోమీటర్ల హైస్పీడ్ ట్రాకు వంటి వాటి అవసరం తగ్గదు. పరీక్ష పద్ధతి ముందే తెలిసిన బండి ఎలా నడుచుకోగలదో 2015లో ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ కార్ల విషయంలో లోకమంతా చూసింది. ప్రయోగశాలలో పరీక్ష జరుగుతోందని సాఫ్ట్‌వేర్ గుర్తుపట్టి అక్కడ మాత్రమే పొగను అదుపు చేసేది. మన దేశంలో కూడా 2023 ఏప్రిల్ నుంచి బీఎస్-6 అనే కాలుష్య ప్రమాణాల రెండవ దశలో నిజమైన రోడ్డు మీద పొగ కొలవడాన్ని నిబంధనల్లో చేర్చారు. తొలిదశ పరీక్షలు బాగా జరిగితే, రోడ్డు మీదకు వచ్చిన ఇంజినీరు తెగిన తీగల కోసం, తప్పు లెక్కల కోసం రోజులు వృథా చేయకుండా, రోడ్డు మాత్రమే చెప్పగలిగిన సంగతులు వింటాడు.

ప్రశ్న: గుణుపురంలో ఇంజినీరింగ్ మూడో ఏడు చదువుతున్నాను. టెస్టింగ్ ఉద్యోగం కోడింగ్ రానివాళ్లకని సీనియర్లు అంటున్నారు. వాహన రంగంలోకి వెళ్లాలంటే ఏం నేర్చుకోవాలి? — ఒక విద్యార్థిని

జవాబు: సీనియర్ల మాట వినవద్దు. వాహన పరీక్షలో మంచి ఇంజినీరుకు కోడు రాయడమూ రావాలి, ఎదుటివారి వాక్యంలో ఖాళీలు చూడడమూ రావాలి. రెండవది అరుదు. 'రివర్స్ గేరు వేయగానే వెనక కెమెరా చిత్రం రావాలి' అనే వాక్యాన్ని తీసుకోండి. వేయగానే అంటే ఎంత సమయం? అమెరికా నిబంధన 2 సెకన్లలోపు అంటుంది, 2018 మే నుంచి అక్కడి కొత్త కార్లన్నిటికీ అది తప్పనిసరి. మరి కారు అప్పుడే స్టార్టయి, స్క్రీన్ ఇంకా మేలుకోకముందే డ్రైవరు రివర్స్ వేస్తే ఆ రెండు సెకన్లు ఎక్కడి నుంచి లెక్కించాలి? రివర్స్ వేసి, తీసి, మళ్లీ వేస్తే? అప్పుడే ఫోను మోగితే తెర ఎవరిది? కెమెరా పనిచేయకపోతే నల్లని తెర చూపాలా, లేక ఆగిపోయిన పాత చిత్రం చూపాలా? పాత చిత్రం చూపడం అన్నిటికన్నా ప్రమాదం, ఎందుకంటే వెనక ఎవరూ లేరని డ్రైవరు నమ్ముతాడు. ఇటువంటి ప్రశ్నలు ప్రోగ్రాము రాయకముందే అడగగలిగితే మీరు ఆ జట్టుకు ఎంతో అవసరమైన మనిషి అవుతారు.

చదువు విషయానికొస్తే సి, పైథాన్ గట్టిగా నేర్చుకోండి. కంట్రోల్ యూనిట్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ వ్యవస్థను బాష్ సంస్థ 1986లో వెలుగులోకి తెచ్చింది, నేటికీ వాహనాల్లో దాని వాడకం ఎక్కువ. లినక్స్‌లో ఉచితంగానే ఊహాజనిత క్యాన్ లైను ఏర్పరచుకుని, పైథాన్‌తో సందేశాలు పంపి, అందుకోవచ్చు. హాస్టలు గదిలో ల్యాప్‌టాప్ చాలు. పైన చెప్పిన వాలు బ్రేకు తర్కాన్ని సిలో రాసి, దానికి పరీక్షలు రాయండి. కానీ పరీక్షలు ముందు రాయండి. ఐఎస్ఓ 26262 అనే భద్రతా ప్రమాణం 2011లో వచ్చింది, 2018లో సవరించారు. ప్రమాద తీవ్రతను బట్టి ఏ నుంచి డి వరకు శ్రేణులుంటాయని, ప్రతి భద్రతా అవసరం నుంచి దాని పరీక్ష వరకు జాడ తెగకుండా ఉండాలని అది కోరుతుందని అర్థం చేసుకుంటే ఇంటర్వ్యూలో మీ మాటకు బరువు వస్తుంది. మరొక ఆస్తి మీకు పుట్టుకతోనే ఉంది. వానాకాలంలో ఇక్కడి దారులు ఎలా ఉంటాయో మీకు తెలుసు, నగరంలోని మీ సహోద్యోగులకు తెలియదు. మొదటి సమావేశంలోనే ఆ సంగతి చెప్పడానికి సంకోచించకండి.

ప్రశ్న: మల్కన్‌గిరి వైపు పికప్ వ్యాను నడుపుతాను. ఏ లోపం చెప్పినా 'మా దగ్గర చూస్తే బాగానే ఉంది' అని సర్వీసువాళ్లు పంపేస్తారు. మా మాట కంపెనీ దాకా చేరే మార్గం ఉందా? — ఒక డ్రైవరు

జవాబు: ఉంది. అయితే 'అప్పుడప్పుడు ఆగిపోతోంది' అని చెబితే ఇంజినీరు చేతిలో ఏమీ ఉండదు. లోపం వచ్చిన వెంటనే, మొదట బండిని క్షేమంగా పక్కకు ఆపి, ఈ సంగతులు రాసుకోండి: తేదీ, సమయం, ఎక్కుతున్నారా దిగుతున్నారా, వేగం, గేరు, సరుకు ఎంత, వాన ఉందా, ఎండ ఎలా ఉంది, ఎంతసేపటి నుంచి నడుపుతున్నారు, డ్యాష్‌బోర్డు మీద ఏ దీపం వెలిగింది. దీపానికి ఫోనుతో ఫోటో తీయండి. స్విచ్ ఆపి మళ్లీ వేస్తే పోయిందా లేదా అన్నది తప్పక రాయండి, సాఫ్ట్‌వేర్ లోపాల్లో అది పెద్ద ఆధారం. సర్వీసు సెంటరులో జాబ్ కార్డు మీద మీ మాటలను మీరు చెప్పినట్టే రాయించి, నకలు తీసుకోండి. లోపాల కోడ్‌లను చెరిపేముందు వాటిని ప్రింటు తీసి ఇమ్మని అడగండి. కోడ్ చెరిపేశాక బండి నిజంగానే బాగున్నట్టు కనిపిస్తుంది, 'బాగానే ఉంది' అనే జవాబు చాలాసార్లు అందుకే వస్తుంది.

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 110ఎ సెక్షన్, లోపమున్న వాహనాలను కంపెనీ వెనక్కి పిలిపించేలా ఆదేశించే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. నిర్ణీత శాతం యజమానులు ఫిర్యాదు చేయడం కూడా అందుకు ఒక ఆధారమవుతుంది. అందువల్ల అదే మోడల్ నడిపే మీ తోటి డ్రైవర్లు కూడా ఎవరికి వారు విడిగా రాతపూర్వకంగా ఇవ్వాలి. మీ కాగితాల్లోని వాలు, బరువు, వాన, దీపం వివరాలను కంపెనీలో, మొదటి జవాబులో చెప్పిన పరీక్షా బెంచి మీద అలాగే పెట్టి నడిపించవచ్చు. జాబ్ కార్డు నకళ్లు ఉంటే వాటి ఫోటోలు పత్రిక చిరునామాకు పంపండి. ఏ వివరం లోపించిందో చూసి మీకు విడిగా రాస్తాను.